కంటి పరీక్ష చదువుకు ఎవరు తగినవారు? నిజామాబాద్, బోధన్‌ల వైపు నుంచి

ఆప్టోమెట్రీ సీటు కోసం వచ్చిన దరఖాస్తు ఎంత బలమైనదో తేల్చడం మన దగ్గర పెద్ద పనేమీ కాదు. ఇంటర్‌లో బైపీసీ చదివారా, ఎంపీసీ చదివారా, మార్కులెన్ని, ఏ రిజర్వేషన్ కిందికి వస్తారు, స్థానికత చూపే స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయా అని చూసి వరుస కట్టేస్తారు. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో ఇంటర్ ముగించిన అమ్మాయిని ప్రభుత్వ కౌన్సెలింగ్ అంతకు మించి ఏమీ అడగదు. ఆమెకు ఉర్దూ వచ్చా, మరాఠీ అర్థమవుతుందా, చదువయ్యాక ఏ ఊళ్లో పనిచేయాలనుకుంటోంది, డెబ్బై ఏళ్ల ముసలమ్మతో ఓపికగా మాట్లాడగలదా అన్నవాటికి ఫారంలో గడి లేదు. మార్కుల వరుసే న్యాయమని మనం నమ్మడానికి అలవాటుపడ్డాం. కానీ కంటి పనికి మనుషులను ఎంచే తీరు ఈ ప్రాంతంలో గత నూరేళ్లలో చాలాసార్లు మారింది. ఆ మార్పుల్లో దాదాపు ప్రతిసారీ ‘మనవాళ్లా, బయటివాళ్లా’ అన్న ప్రశ్న వచ్చింది. వచ్చిన ప్రతిసారీ దాన్ని హక్కుల పంపకంగానే చూశారు. ఊరితో, ఊరి భాషతో, ఊరి పనితో ఉన్న సంబంధం కంటి పరీక్ష చేసేవారికి కావలసిన నైపుణ్యంలో భాగమని చూసినవారు తక్కువ. అలా చూసి ఫలితం రాబట్టిన ప్రయత్నం ఒకటి గోదావరి అవతల ముధోల్‌లో మొదలైంది. దరఖాస్తు బలాన్ని కొలవడంలో ఆ అనుభవాన్ని ఇప్పటికైనా లెక్కలోకి తీసుకోవాలన్నది నా వాదన.

ముందు ఈ ప్రాంతపు కళ్ల సంగతి చూడాలి, ఎందుకంటే ఏ పనికి మనిషిని ఎంచుతున్నామో తెలియకుండా తగినవారెవరో చెప్పలేం. నిజామాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు లెక్కకు మిక్కిలి. తునికాకును కొలతకు కత్తిరించడం, పొగాకు సమంగా పరిచి చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం, ఇవన్నీ కంటికి మూరెడు దూరంలో జరిగే పనులు. నలభై దాటాక చత్వారం రాగానే మొదట దెబ్బతినేది ఈ దూరమే. బీడీల సంఖ్య తగ్గుతుంది, కట్టలు బాగాలేవని తిప్పి పంపడం పెరుగుతుంది, కూలి తగ్గుతుంది. చాలామంది దీన్ని వయసు మీదపడటంగా సరిపెట్టుకుంటారు తప్ప దగ్గరిచూపు అద్దాలతో తీరే ఇబ్బంది అనుకోరు. ఎంత తేడా వస్తుందో అస్సాం తేయాకు తోటల్లో జరిగిన ఒక పరిశోధన చూపింది. 2018లో అచ్చయిన ఆ అధ్యయనంలో నలభై దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దాలు ఇస్తే, ఇవ్వనివారితో పోల్చినప్పుడు వారి ఆకు కోత 21.7 శాతం అదనంగా పెరిగింది. బీడీ చుట్టడం ఆకు కోయడం కంటే సన్నని పని, లాభం ఇక్కడ అంతకు తక్కువ ఉంటుందనుకోవడానికి కారణం కనిపించదు. బోధన్ వైపు వెళితే చెరకు, వరి. చెరకు ఆకు అంచు రంపంలా ఉంటుంది. అది కంటికి గీసుకున్నా, నూర్పిడిలో వరి పొట్టు ఎగిరి కంట్లో పడినా నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. అందులో బూజు చేరితే రెండు మూడు రోజుల ఆలస్యం కూడా చూపును తీసుకుపోవచ్చు. గల్ఫ్‌కు పోయేవారి వైద్య పరీక్షలు, డ్రైవింగ్ లైసెన్సులు, బడిపిల్లల హ్రస్వదృష్టి సరేసరి. ఇవేవీ పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ టేబుల్ మీద తీరేవి కావు. దగ్గర్లో కూర్చుని, సకాలంలో చూసి, అద్దాలు ఇవ్వవలసిన చోట అద్దాలు ఇచ్చి, పంపవలసినవారిని పెద్దాసుపత్రికి వెంటనే పంపే మనిషి ఉంటే తీరేవి.

అలాంటి మనిషిని పూర్వం ఎవరూ ఎంపిక చేసేవారు కాదు, కులమో కుటుంబమో ఇచ్చేది. ఊరూరా తిరుగుతూ సూదితో శుక్లాల పొరను పక్కకు తోసేవాళ్లు తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న పనివాళ్లు. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ ఆ పద్ధతి వల్ల పాడైన కళ్లను పరిశీలించి ఒక పుస్తకమే రాశాడు. ఫలితాలు దారుణంగా ఉండేవని అందులో తేల్చాడు. అయినా జనం వాళ్ల దగ్గరికే ఎందుకు పోయారన్నది ఆలోచించవలసిన సంగతి. వాళ్లు ఇంటి ముందుకు వచ్చేవాళ్లు, జనం భాషలో మాట్లాడేవాళ్లు. చదివిన వైద్యుడు పట్నంలో ఉండేవాడు. హైదరాబాద్ సంస్థానంలో చదువు గడప ఎక్కడానికి మొదటి అడ్డు భాష. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ తొలి దశాబ్దాల్లో ఉర్దూలోనే బోధించింది. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయమూ ఉర్దూ మాధ్యమంతోనే నడిచింది. ఇందూరు అన్న పాత పేరు పోయి నిజామాబాద్‌గా మారిన పట్టణంలో ఉర్దూ తెలిసిన కుటుంబాలకు ఆ గడప అందింది. తెలుగు మాత్రమే తెలిసిన రైతు బిడ్డకు అందలేదు. రెండో అడ్డు 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానాతో వచ్చింది. సర్కారు కొలువు ముల్కీలకే అన్నారు. సంస్థానంలో పుట్టినవారు, లేదా పదిహేనేళ్లు స్థిరంగా ఉన్నవారు ముల్కీలు. ఉత్తర హిందుస్థానం నుంచి వచ్చి కొలువుల్లో నిండిపోతున్నవారిని నిలువరించడం ఆ నియమం ఉద్దేశం, ఆ ఉద్దేశంలో న్యాయం ఉంది. కానీ ముల్కీ అన్న మాట సంస్థానమంతటినీ ఒకే ముద్దగా చూసింది. ఔరంగాబాద్ వాడూ ముల్కీయే, బోధన్ వాడూ ముల్కీయే. బోధన్ తాలూకాలో పనిచేయడానికి ఆ ఇద్దరిలో ఎవరు తగినవారన్న ప్రశ్న ఆ ఫర్మానాకు అక్కర్లేదు.

బోధన్ కథ ఈ ప్రశ్నను మరింత చిక్కుముడి చేసింది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను కాలువల్లోకి మళ్లించింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ ప్రతిభకు అది గుర్తు. నీళ్లొచ్చిన భూముల్లోకి కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. వర్ని, కోటగిరి, బోధన్ వైపు ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట ఇప్పటికీ అందుకే వినిపిస్తుంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ కాలనీ లేచింది, బడీ దవాఖానా వచ్చాయి. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని చాలాకాలం చెప్పుకున్నారు. ఒక తరంలోనే ఈ నేల మీద తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడా భాష పక్కపక్కన చేరాయి. ఇక్కడ స్థానికుడు ఎవరు? మూడు తరాలుగా వర్నిలో వ్యవసాయం చేస్తున్న డెల్టా కుటుంబపు పిల్లవాడా, బోధన్‌లో పుట్టి, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న దెగ్లూరులో మరాఠీ బడికి పోయిన పిల్లవాడా? ముల్కీ నియమం దీనికి ఏళ్ల లెక్కతో జవాబు చెప్పింది. ఏళ్ల లెక్కకు కాగితం కావాలి, కాగితం కావాలంటే తహసీల్ కచేరీ కావాలి. పోలీసు చర్య తర్వాత బయటి జిల్లాల నుంచి వచ్చినవారు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పొందుతున్నారని 1952లో విద్యార్థులు రోడ్డెక్కారు. వరంగల్‌లో రాజుకున్న ఆ ఉద్యమం హైదరాబాద్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. స్థానికతను కాగితంతో మాత్రమే కొలిస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. ఆ పాఠాన్ని మనం సగమే నేర్చుకున్నాం. కాగితాన్ని గట్టిగా తనిఖీ చేయడం నేర్చుకున్నాం తప్ప కాగితం వెనక ఏముందో చూడటం నేర్చుకోలేదు.

కంటి పరీక్ష ఒక చదువుగా మారింది ఆ తర్వాతే. రెండో పంచవర్ష ప్రణాళిక కింద 1958లో కేంద్ర ప్రభుత్వం దేశంలో రెండు ఆప్టోమెట్రీ స్కూళ్లు ప్రారంభించింది. ఒకటి అలీగఢ్‌లోని గాంధీ కంటి ఆసుపత్రిలో, రెండోది మన హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో. రెండేళ్ల డిప్లొమా కోర్సు. బ్రిటన్‌లో ఆప్టికల్ అసోసియేషన్ 1895లో ఏర్పడి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1901లో ఈ వృత్తికి చట్టం చేసింది. వాటితో పోలిస్తే మనది ఆలస్యమే. కానీ దేశంలోని తొలి రెండు స్కూళ్లలో ఒకటి తెలుగు నేల మీద రావడం చిన్న సంగతి కాదు, దీనికి దక్కవలసిన గుర్తింపు దక్కలేదని నాకనిపిస్తుంది. నిజామాబాద్ నుంచి రైలెక్కితే సాయంత్రానికి చేరే దూరంలో ఆ చదువు ఉంది. అయితే అది పట్నపు చదువు. నేర్చుకునేది పెద్దాసుపత్రి ఓపీలో, చదువయ్యాక అవకాశాలు కనిపించేవీ పట్నంలోనే. నాలుగేళ్ల డిగ్రీ కోర్సు 1985లో చెన్నైలోని ఎలీట్ స్కూల్‌తో వచ్చింది. చదువు పొడవు పెరిగేకొద్దీ సీటుకు పోటీ పెరిగింది, పోటీ పెరిగేకొద్దీ మార్కుల బరువు పెరిగింది. ఆప్టోమెట్రీకి దరఖాస్తు చేసేవారిలో ఎంతోమంది ఎంబీబీఎస్ సీటు తప్పిపోయి వచ్చినవాళ్లు. ర్యాంకుతోనే వరుస కట్టే పద్ధతి ఇలాంటివారిని ముందుంచుతుంది. ఈ పని కావాలని వచ్చినవారిని వెనక్కి నెడుతుంది. ఎంచేవారికి ఈ తేడా తెలుసు, కానీ వారి చేతిలో దాన్ని చూసే సాధనం లేదు.

ఈలోగా స్థానికత ప్రశ్న చట్టంలోకి ఎక్కింది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో ముల్కీ నియమాలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద ఆంధ్రలో లేచిన ఆందోళన, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణ, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు. ఈ ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు స్థానిక ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా లెక్కించింది. తెలంగాణ పిల్లలకు ఇది చాలా మేలు చేసింది, ఇందులో సందేహం లేదు. కానీ ఉత్తర్వు గీసిన ‘స్థానిక ప్రాంతం’ ఎంత పెద్దదో చూడండి. ఉస్మానియా ప్రాంతమంటే తెలంగాణ మొత్తం. హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన విద్యార్థీ, బోధన్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థీ ఆ ఉత్తర్వు ముందు సమాన స్థానికులు. సాలూర దాటి దెగ్లూరులోనో, గోదావరి దాటి ధర్మాబాద్‌లోనో బడికి పోయిన బోధన్ పిల్లవాడికి మాత్రం నాలుగేళ్ల లెక్క తప్పిపోతుంది. పట్నానికీ పల్లెకూ మధ్య ఉన్న దూరం మీద చట్టం కళ్లు మూసుకుంది. సరిహద్దు ఊళ్ల రోజువారీ బతుకునేమో తప్పుగా చూసింది. ప్రాంతాల మధ్య న్యాయం కోసం చేసిన నియమం ప్రాంతం లోపలి అన్యాయాన్ని తీర్చలేదు, అది దాని పనీ కాదు. కానీ మనం ఆ నియమంతోనే స్థానికత లెక్క ముగిసిందనుకున్నాం.

లెక్క ముగియలేదని చూపిన గట్టి ఆధారం 1996 నుంచి 2000 దాకా జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటివ్యాధుల అధ్యయనం. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించి, 1987 నుంచి రోగులను చూస్తున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దీన్ని చేపట్టింది. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం అని తేలింది. కారణాల్లో శుక్లాలది 44 శాతం. ఆశ్చర్యపరిచింది రెండో స్థానం: అంధత్వంలో 16.3 శాతానికి కారణం సరైన అద్దాలు లేకపోవడం. అంటే వారి కళ్లకు కత్తి అక్కర్లేదు, మందు అక్కర్లేదు, పరీక్ష చేసి అద్దాలు ఇచ్చే మనిషి కావాలి. 1976 నుంచి జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం నడుస్తోంది, శుక్లాల శిబిరాలు జరుగుతున్నాయి, బోధన్‌లోనే లయన్స్ కంటి ఆసుపత్రి ఉంది. అవన్నీ కత్తి అవసరమైనవారిని వెతికాయి. అద్దం అవసరమైనవారిని వెతకడానికి ఊళ్లో ఎవరూ లేరు. ఇది డాక్టర్ల కొరతగా చూస్తే అర్థం కాదు. తగినవారు తగిన చోట లేకపోవడం వల్ల వచ్చిన గుడ్డితనం అది.

దీనికి జవాబు వెతికిన తీరు మన విషయానికి నేరుగా సంబంధించినది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ తన మొదటి గ్రామీణ కంటి ఆసుపత్రిని 1996లో ముధోల్‌లో పెట్టింది. నిజామాబాద్ నుంచి బాసర మీదుగా గోదావరి దాటితే వచ్చే ఊరు అది. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్. మరికొన్నేళ్లకు ఆసుపత్రుల చుట్టూ దృష్టి కేంద్రాలు వెలిశాయి. ఒక్కో కేంద్రానికి 50,000 మంది జనాభా. ఆ కేంద్రాన్ని నడిపేది డాక్టరు కాదు, నాలుగేళ్ల ఆప్టోమెట్రిస్టూ కాదు, ఏడాది శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్. ఎంపికకు ఇంటర్ చదువు చాలు, కానీ కేంద్రం పెట్టబోయే ప్రాంతపు పిల్లలే కావాలి. ఇక్కడ వరుస తలకిందులైంది. మామూలుగా ముందు మార్కులు చూసి, సీటిచ్చి, చదువయ్యాక ఊరికి పంపాలని చూస్తాం, వాళ్లు పోరు. ఇక్కడ ముందు ఊరిని చూసి, ఆ ఊరి నుంచి మనిషిని ఎంచి, చదువు చెప్పి, ఆ ఊరికే పంపారు. స్థానికత అన్నది సీటు పంచుకోవడంలో వాటాగా కాక, పని జరగడానికి ముందస్తు షరతుగా మారింది. ఆ నమూనా ముధోల్ దగ్గర ఆగిపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాలు, ఒడిశా దాకా పాకి వందల కేంద్రాలైంది. నిలవని నమూనా అంత దూరం పాకదు.

ఎందుకు నిలిచిందన్నదానికి జవాబు కంటి పరీక్ష జరిగే తీరులోనే ఉంది. రెటినోస్కోపు వెలుగును కంట్లోకి వేసి నీడ కదలికను బట్టి పవర్ అంచనా కట్టడం చేతి నేర్పు, అది ఏ ఊరివారైనా నేర్చుకోవచ్చు. కానీ అక్కడితో పరీక్ష ముగియదు. ఒక్కో అద్దం మార్చుతూ ‘ఇది నయముందా, ముందుదే నయముందా’ అని అడిగి, ఎదుటివారి జవాబును బట్టి పవర్‌ను ఖాయం చేస్తారు. ఆ జవాబు మాటల్లో వస్తుంది. బోధన్ బజారులో అది ఉర్దూలో రావచ్చు, సరిహద్దు ఊళ్లో మరాఠీలో రావచ్చు, తండాలో లంబాడా భాషలో రావచ్చు. అక్షరం రాని ముసలాయన పట్టికలో గుర్తు ఎటువైపు తిరిగిందో చేత్తో చూపుతాడు. సిగ్గుపడే ఆడమనిషి కనబడకపోయినా కనబడుతోందని చెప్పి లేచిపోతుంది. ఆమె రోజూ బీడీలు చుడుతుందని తెలిసినవారు మూరెడు దూరానికి పవర్ చూస్తారు. తెలియనివారు పుస్తకం చదివే దూరానికి అద్దాలిచ్చి పంపిస్తారు, ఆ అద్దాలు గూట్లో మూలపడతాయి. భాష, పని, అలవాటు తెలియడం ఇక్కడ మర్యాద కోసం కాదు, పవర్ సరిగ్గా రావడం కోసం. దీన్ని నైపుణ్యం అనకపోతే మరేమనాలి?

దీని మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది బలమైనదే. పేదలకు ఏడాది చదువు మనిషి, పట్నంవాళ్లకు నాలుగేళ్ల ఆప్టోమెట్రిస్టు, ఇది రెండు రకాల వైద్యం కాదా అని. టెక్నీషియన్ ఒంటరిగా పనిచేస్తే ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అతని వెనక ముధోల్ వంటి ఆసుపత్రి, దాని వెనక హైదరాబాద్ ఉండటం వల్లే అది వైద్యమవుతుంది. నేనూ ఏడాది చదువును నాలుగేళ్ల చదువు స్థానంలో పెట్టమనడం లేదు. నీటికాసులు, చక్కెర జబ్బు వల్ల రెటీనాకు వచ్చే హాని, పిల్లల మెల్లకన్ను గుర్తించడానికి లోతైన చదువు కావాలి. ముధోల్ నుంచి తీసుకోవలసింది కోర్సు పొడవు కాదు, ఎంపిక పద్ధతి. ఇదే ప్రశ్నను నాలుగేళ్ల బీఎస్సీ సీటుకూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుకూ వేయమంటున్నాను. పెద్ద చదువు చదివినవారిలో కొందరైనా నిజామాబాద్ జిల్లా నుంచి రాకపోతే టెక్నీషియన్ పైన ఉండే మెట్టు ఎప్పటికీ పట్నంలోనే ఉండిపోతుంది. అసలు రెండు రకాల వైద్యమంటే అదే.

రెండో అభ్యంతరం ఇంకా పాతది. మార్కులు పక్కనపెట్టి మనిషిని చూసి ఎంచితే పలుకుబడి దూరుతుంది, ఎమ్మెల్యే ఉత్తరం దూరుతుంది, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు మళ్లీ వస్తాయి. 1952ను చూసిన ప్రాంతానికి ఈ భయం ఉండి తీరాలి. అమెరికాలో ఆప్టోమెట్రీ కాలేజీలు 200 నుంచి 400 మధ్య స్కోరు ఇచ్చే ప్రవేశ పరీక్షతో పాటు సిఫారసు ఉత్తరాలు, ఆప్టోమెట్రిస్టు దగ్గర గడిపిన గంటలు, ఇంటర్వ్యూ అన్నీ చూస్తాయి. ఈ పని ఎలా ఉంటుందో తెలిసి వస్తున్నారా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం. ఆ ఉద్దేశం మంచిది. పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మాత్రం సిఫారసు ఉత్తరం రాయించుకోగల కుటుంబాలకే లాభం. డాక్టరు తెలిసినవాళ్ల పిల్లలకు గంటలు దొరుకుతాయి, బీడీ కార్మికురాలి కూతురికి దొరకవు. కాబట్టి నేను అడిగేది తూకం వేయగలిగిన కొలతలు. ఇలాంటి కొలత మనకు కొత్త కాదు, బాసరలోనే ఉంది. 2008లో ఏర్పడ్డ రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రభుత్వ బడిలో చదివినవారి పదో తరగతి గ్రేడుకు 0.4 కలిపి వరుస కడుతూ వచ్చింది. ఎవరి పలుకుబడీ అక్కర్లేదు, ఏ బడిలో చదివారో చూస్తే చాలు. ఆప్టోమెట్రీకి ఇదే దారిలో మండలం వారీగా కొంత బరువు, ఉర్దూ మాధ్యమానికి కొంత, ప్రాంతంలో వాడుకలో ఉన్న రెండో భాషలో మాట్లాడగలరో లేదో చూసే చిన్న మౌఖిక పరీక్షకు కొంత ఇవ్వవచ్చు. సరిహద్దు మండలాల పిల్లలు పక్క రాష్ట్రపు బడిలో చదివిన ఏళ్లను లెక్కలోకి తీసుకోవచ్చు. మిగతా బరువంతా మార్కులకే ఉండనివ్వండి. ఇక మార్కులు పూర్తిగా నిష్పాక్షికమన్న నమ్మకాన్ని కూడా ఒకసారి పరీక్షకు పెట్టాలి. లక్షల ఫీజు కట్టి రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో రుద్దించుకున్న మార్కుల్లోనూ తండ్రి ఆదాయం ఉంది. అది సర్టిఫికెట్ మీద కనబడదు, అంతే తేడా.

ఇప్పుడు ఈ చర్చకు తొందర ఉంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆప్టోమెట్రీని గుర్తింపు ఉన్న వృత్తుల్లో చేర్చింది. దశాబ్దాలుగా ఈ చదువు చదివినవారు అడుగుతున్న గౌరవం అది, మనస్ఫూర్తిగా స్వాగతించాలి. కానీ అదే చట్టం డిప్లొమా నుంచి పీహెచ్‌డీ దాకా దేశమంతటా ఒకే ప్రవేశ పరీక్ష, ఉమ్మడి కౌన్సెలింగ్ పెట్టే అధికారాన్ని కమిషన్‌కు ఇచ్చింది. ఏడాది రెండేళ్ల చదువుకు కూడా జాతీయ ర్యాంకే ప్రమాణమైతే ముధోల్ పద్ధతిలో ఊరిని చూసి మనిషిని ఎంచే వీలు మూసుకుపోతుంది. చదువు నాణ్యతకు ఒకే కొలత ఉండాలి, కోర్సు ముగిశాక పరీక్ష దేశమంతా ఒకటే పెట్టినా అభ్యంతరం లేదు. లోపలికి రావడానికి మాత్రం రాష్ట్రాలకు, జిల్లాలకు చోటుండాలి. బయటికి వెళ్లేటప్పుడు ఒకే గీటురాయి మీద గీసి చూస్తున్నప్పుడు, లోపలికి ఏ దారిన వచ్చారన్నది రోగికి హాని చేయదు.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఊరి పిల్లలను ఎంచినా వాళ్లు ఊళ్లో ఉంటారన్న హామీ ఏముంది? నిజామాబాద్ జిల్లా గల్ఫ్ దారి ఎరిగిన జిల్లా. పెళ్లయిన అమ్మాయి అత్తగారి ఊరికి పోతుంది, నాలుగేళ్లు చదివిన అబ్బాయిని హైదరాబాద్ కళ్లజోళ్ల షోరూం పిలుస్తుంది. బోధన్ ఫ్యాక్టరీయే దీనికి పెద్ద సాక్ష్యం. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడ్డాక, శక్కర్‌నగర్‌లో పుట్టిపెరిగినవారు పుట్టిన ఊరి మీద ప్రేమతో అక్కడే కూర్చోలేదు, కూర్చోలేరు కూడా. పని ఉంటేనే మనిషి ఉంటాడు. ముధోల్ కేంద్రాల్లో మనుషులు నిలిచారంటే ఎంపిక ఒక్కటే కారణం కాదు, వారికి నెలనెలా జీతం వచ్చే కొలువు అదే ఊళ్లో సిద్ధంగా ఉంది. ప్రభుత్వం వైపు చూస్తే, 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకం రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైంది. 1,500 బృందాలు, ప్రతి బృందంలో ఒక డాక్టరు, ఒక ఆప్టోమెట్రిస్టు, 100 పనిదినాలు. తెలంగాణ పల్లెల్లో ఇంతమంది ఆప్టోమెట్రిస్టుల అవసరం ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం అది. కానీ వారిని తీసుకున్నది ఆ 100 రోజుల ఒప్పందం మీద. వర్నిలోనో కోటగిరిలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఆరు రోజులూ కూర్చునే ఆప్టోమెట్రిస్టు పోస్టు మంజూరైతే, ఆ పోస్టు కోసం చదవాలనుకునే పిల్ల దరఖాస్తును ఏ కొలతలతో చూడాలన్న ప్రశ్నకు అప్పుడు పూర్తి అర్థం వస్తుంది. ఆ పోస్టును మంజూరు చేయవలసింది వైద్య ఆరోగ్య శాఖ, ఆ కొలతలను రాయవలసింది 2021 చట్టం కింద ఏర్పడే రాష్ట్ర మండలి. ఈ రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి రావాలి.